ఏడో ప్రార్థనాంశం

నా ఫోనులో ఇంకా చెరిపెయ్యని జాబితా ఒకటి ఉంది. పైన "పెద్దమ్మ" అని, కింద ఐదు అంశాలు. ఐదూ నిజమే. ఒక్కటి కూడా కల్పించింది కాదు, ఎవరో చెబితే విన్నదీ కాదు. నా కళ్ళతో చూసి, చూసిన రోజే రాసుకున్నవి. ఐదు నిజాలు కలిసి అంత పెద్ద అబద్ధం ఎలా అయ్యాయో నాకు ఇప్పటికీ సరిగా అంతుపట్టదు. పట్టినంతవరకు రాస్తాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క కాదు. మా పేటలో మా ఇంటికి మూడో ఇల్లు ఆమెది. చిన్నప్పటినుంచీ అలా పిలవడం అలవాటు. ఆమె భర్తకు నడుం పట్టేసి మంచం దిగడం తగ్గాక ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. మా సంఘంలో ఆమెకు రెండు పనులుండేవి. ఆదివారం ఆరాధనలో మొదటి కీర్తన ఆమె ఎత్తుకునేది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే సంఘమంతా కలిసి పంచుకునే సంస్కారానికి, రొట్టె ఆమె కాల్చి తెచ్చేది. రొట్టె పని వాళ్ళ అత్తగారి నుంచి వచ్చింది. గోధుమపిండి, చిటికెడు ఉప్పు, నీళ్ళు, అంతే. మందపాటి పెనం మీద సన్నటి సెగన కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి, అందరికంటే ముందు వచ్చి బల్ల మీద పెట్టేది.

మా సంఘంలో రొట్టెను ముక్కలు కోసి పంచరు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి విరిచాక పళ్ళెం చేతినుంచి చేతికి వెళుతుంది. ఎవరికి వారు ఒక ముక్క తుంచుకుని పక్కవారికి అందించాలి. చాపల మీద ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు. పళ్ళెం ఆడవాళ్ళ ముందు వరసలో మొదలై వెనక్కి పోతుంది. చివరి వరస దగ్గర మధ్యదారి దాటి మగవాళ్ళ చివరి వరసకొచ్చి, మళ్ళీ ముందుకి వస్తుంది. పట్నం సంఘాల్లో బిళ్ళల్లాంటివి ఇస్తారని విన్నాను. మా పెద్దవాళ్ళు ఒప్పుకోరు. రొట్టె ఒకటే ఉండాలి, అందరి చేతులూ దాని మీద పడాలి అంటారు.

ఇక నా సంగతి. డిప్లొమా అయ్యాక గుంటూరు వెళ్ళే రోడ్డు మీద ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరాను. టిక్కీలు, అంటే ఎండుమిరప బస్తాలు, పేర్చిన గదుల్లో చలి ఎంత, తేమ ఎంత అని గంటగంటకీ చూసి రాయడం, సెన్సర్లు సరిగా చెబుతున్నాయో లేదో పరీక్షించడం నా పని. చేరిన మొదటి వారంలోనే మా సూపర్‌వైజరు ఒక మాట చెప్పాడు. "రీడింగు తేడాగా వస్తే గది చెడిందని పరిగెత్తకు. ముందు సెన్సర్ని అనుమానించు." అక్కడ అనుమానం తప్పు కాదు, నాకు జీతం ఇచ్చేదే దానికి. ఆదివారం సంఘంలో వినేది వేరు. సాటి మనిషి గురించి ముందు మంచే తలంచమంటారు. ఆరు రోజులు ఒకలా ఉన్న బుర్రను ఏడో రోజు ఇంకోలా తిప్పే మీట ఎక్కడుందో నాకు దొరకలేదు.

సంఘంలో నేను యవనస్తుల కూటమి సెక్రటరీని. మైకు సెట్టు చూసుకోవడం, కుటుంబ ప్రార్థనలో చదవాల్సిన ప్రార్థనాంశాలు రాయడం నా వంతు. కొత్త సంవత్సరం ఆరాధన నుంచి మొదటి కీర్తన కూడా యవనస్తులమే కీబోర్డుతో పాడడం మొదలుపెట్టాం. పెద్దమ్మ గొంతు కీబోర్డు మీద ఏ రెండు మెట్ల మధ్య పడుతుందో తెలియదు. ఎంత ప్రయత్నించినా శ్రుతి కలవలేదు. నేనే వెళ్ళి చెప్పాను. "మంచిదేలేరా, పిల్లలు పాడండి" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడకుండా నేను వైరు చుట్టుకుంటూ ఉన్నాను. అందుకే తరవాత ఆ మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవాల్సి వచ్చింది.

జాబితా ఫిబ్రవరిలో మొదలైంది.

ఆ నెల మొదటి ఆదివారం ఆమె రొట్టె తేలేదు. ముందురోజే పాస్టరమ్మగారితో "ఇంక నావల్ల కాదమ్మా, మీరే కాల్చండి" అందట. ఒంట్లో బాగాలేదా అని అడిగితే బానే ఉందంది. అది ఒకటో అంశం. అదే రోజు సరిగ్గా బల్లకు ముందు లేచి, కొంగు కప్పుకుని బయటికి వెళ్ళిపోయింది. అది రెండోది. మా దగ్గర బల్లకు ముందు లేచి వెళ్ళడం అంటే మామూలు విషయం కాదు. ఎవరితోనో మనస్పర్థ ఉండి సమాధానపడలేదనో, ఒప్పుకోవాల్సిన తప్పేదో మనసులో ఉందనో, సంఘం మారబోతున్నారనో అర్థం. ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

మూడోది, ఆరాధన అయ్యాక అందరం చెయ్యి కలిపి వందనాలు చెప్పుకుంటాం. ఆమె నాకు చెయ్యివ్వడం మానేసింది. దూరంనుంచే రెండు చేతులూ జోడించేది. నాలుగోది, మా అక్క కూతురు పది నెలల పిల్ల. పుట్టినప్పటినుంచీ పెద్దమ్మ చంకలోనే ఉండేది. ఇప్పుడు పిల్ల చేతులు చాపినా ఒక అడుగు వెనక్కి వేసి, "మీ అమ్మ దగ్గరికి పో" అనేది. ఐదోది, మార్చి మొదటి ఆదివారం ఆమె ఊళ్ళోనే లేదు. పొద్దున్నే కనిగిరి బస్సెక్కడం నేనే చూశాను. ఏప్రిల్‌లో మళ్ళీ వచ్చింది, మళ్ళీ బల్లకు ముందు లేచి వెళ్ళింది.

ఐదు అంశాలనూ ఒకే గీత కలుపుతుందని నాకు తోచింది. ఆమెకు మా మీద కోపం. మొదటి కీర్తన తీసేసుకున్నామని. చెయ్యి కలపనిది నాతో, ఎత్తుకోనిది మా ఇంటి పిల్లని. అది తట్టగానే కారణం దొరికిందన్న తృప్తి కలిగింది. తరవాత భయం కూడా వేసింది, ఎందుకంటే ఆ లెక్కన ఆమెను బల్లకు దూరం చేసింది నేనే.

అమ్మతో అన్నాను.

"మూడో ఇల్లేగా, పోయి అడగరాదా?" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.

"అడిగితే నిలదీసినట్టుంటుందమ్మా."

"అడక్కపోతే?"

అడక్కపోతే ఏమవుతుందో ఆలోచించలేదు. అడగడం కంటే ప్రార్థించడం మర్యాదైన పని అనుకున్నాను. ఇలాంటి పొరపాటు మాలాంటివాళ్ళే చెయ్యగలరు. వేరేవాళ్ళయితే అరుగు మీద కూర్చుని చాడీ చెబుతారు, లేదా నోరు మూసుకుంటారు. మేం ప్రార్థనాంశం రాస్తాం.

ఆ బుధవారం కుటుంబ ప్రార్థనకు తొమ్మిది అంశాలు రాశాను. మూడోది పెద్దమ్మ భర్త నడుం నొప్పి తగ్గాలని, పేరుతో సహా. ఏడోది ఇలా రాశాను: "ప్రభువు బల్లకు దూరమవుతున్న ఒక సహోదరి కొరకు, ఆమె హృదయంలో ఉన్నది తొలగిపోవునట్లు." పేరు లేదు. పేరు లేకపోవడం నా జాగ్రత్త అనుకున్నాను. ఎప్పటిలాగే సంఘం వాట్సాపు గ్రూపులో కూడా పెట్టాను. మోకరించి అందరం ప్రార్థించాం. నేను కన్నీళ్ళతోనే ప్రార్థించాను. అది అబద్ధం కాదు, అదే నాకు అర్థం కాని సంగతుల్లో ఒకటి.

ఆమెన్ అన్నాక టీ తాగుతుంటే ఆడవాళ్ళ వైపు మాటలు వినిపించాయి.

"ఏడో అంశం ఎవరంటావు?"

"ఎవరైతే ఏందిలే, దేవుడికి తెలుసుగా."

"దేవుడికి తెలిస్తే చాలా? ఎవరో తెలీకుండా ఏమని ప్రార్థించాలి మనం?"

"నీకు తెలీదా? తెలిసే అడుగుతున్నావు. పోయిన నెల కనిగిరి పోయింది చూడు..."

ఆదివారానికి మూడు కథలయ్యాయి. పాస్టరమ్మగారితో మాటామాటా వచ్చిందని ఒకటి. కనిగిరి వైపు ఏదో సంఘంలో చేరిందని ఇంకొకటి. మూడోది ఇక్కడ రాయను. శుక్రవారం సాయంత్రం సంఘ పెద్దలు ఇద్దరు ఆమె ఇంటికి వెళ్ళి, ప్రార్థన చేసి, ఏదైనా ఉంటే సరిచేసుకోమని చెప్పి వచ్చారు. ఆ ఆదివారం ఆమె రాలేదు. తరవాతి ఆదివారమూ రాలేదు. జ్వరంతో కూడా చాప చివర కూర్చునే మనిషి ఆమె. వరసగా రెండు ఆదివారాలు రాకపోవడం నేను పుట్టాక చూడలేదు.

మొదటి ఆదివారం ఆమె రాలేదని చూసినప్పుడు నాకు కలిగింది బాధ కాదు. జాబితా రుజువైందనిపించింది. రెండో ఆదివారం ఆ చాప చివర ఖాళీ చూస్తుంటే ఎందుకో మైకు గొంతు సరిచెయ్యడం మర్చిపోయాను. ఇంటికొచ్చాక అమ్మ కంచం నా ముందు పెట్టలేదు.

"చదివావుగా, అంశాలు రాశావుగా. ఇప్పుడన్నా ఆ మూడో ఇంటికి పో. వచ్చాక తిందువుగాని."

వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ రేకుల మీద చిటపటమంటోంది. పెద్దమ్మ వసారాలో పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా సత్తు గిన్నెలో మజ్జిగ. రెండు చేతులూ మణికట్టు దాకా అందులో ముంచి ఉన్నాయి. నుదుటిమీద చెమట కళ్ళలోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంటోంది.

"రండి సెక్రటరీగారూ. ఏ అంశం కింద వచ్చారు?" అంది.

లోపల మంచం మీదనుంచి "ఎవరే?" అని భర్త గొంతు.

"ఏడో అంశం రాసినాయన. నువ్వు మూడో అంశానివి, పడుకో."

నేనేదో అనబోయేంతలో ఆమె ఫోను మోగింది. గూట్లో ఉంది. "ఎత్తి నా చెవి దగ్గర పెట్టరా. నేను పట్టుకుంటే రేపటిదాకా చెంప మండిపోద్ది" అంది. నేను ఫోను పట్టుకుని ఆమె పక్కన వంగి నిలబడ్డాను. అవతల కనిగిరిలో ఉన్న ఆమె సొంత అక్క. గట్టిగా మాట్లాడే మనిషి, నాకూ వినబడుతోంది. ఆపరేషన్ చేసిన కన్ను బాగా కనిపిస్తోందట, మందు చుక్కలు ఇంకో నెల వెయ్యమన్నారట, మార్చిలో నువ్వు తోడు రాకపోతే నా గతేం కాను అంటోంది. నా చెయ్యి ఫోను మీద ఉంది, నా ఐదో అంశం నా చెవిలోనే పోయింది.

ఫోను పెట్టేశాక గిన్నె వైపు చూశాను. ఆమె చేతులు బయటికి తీసింది. వేళ్ళ చివర్లు ఎర్రగా, తోలు ఊడి, గోళ్ళ చుట్టూ నల్లటి గీతలు.

"తొడిమలా?" అన్నాను.

"మరేంటి, గోరింటాకా?"

ఇది నాకు తెలుసు. తెలియదని ఎలా అనను? మా వైపు పత్తికి గులాబీ పురుగు పట్టాక చాలామంది రైతులు పత్తి తగ్గించేశారు. పత్తితీతకు వెళ్ళే ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీసే షెడ్లకు మళ్ళారు. పెద్దమ్మ కూడా క్రిస్మసుకు ముందు నుంచి ఒక షెడ్డుకు పోతోంది. ఆ షెడ్డు మా కోల్డ్ స్టోరేజీ ప్రహరీ అవతలే. రోజూ మధ్యాహ్నం ఆ ఆడవాళ్ళు కుళాయి దగ్గర చేతులు కడిగి, మళ్ళీ కడిగి, అన్నం చెంచాతో తినడం మా ప్యానెల్ గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కారం వారం రోజులైనా వేళ్ళను వదలదని ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తెలుసు. నా దగ్గర లేని సమాచారం ఒక్కటీ లేదు. మరి ఆ గీత ఇటు ఎందుకు పోలేదు?

"పిల్లని అందుకే ఎత్తుకోవా?"

"కళ్ళలో పడితే? పాలు తాగే పిల్లరా."

"నాతో చెయ్యి కలపంది..."

"నువ్వు కళ్ళజోడు సర్దుకోకుండా నిమిషం ఉండలేవు."

"మరి పాట?"

"ఏ పాట?" అంది. నిజంగానే ఆమెకు గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. "ఓ, అదా. ఆ ఘాటుకి నా ముక్కు దిబ్బడేసి నాలుగు నెల్లయింది. ఎట్టారా దేవుడా పాడాలి అనుకుంటుంటే నువ్వొచ్చి తీసేసుకున్నావు. బతికిపోయా."

నేను అంత బాధపడి కట్టుకున్న కారణం అది. ఆమెకు అసలు లెక్కలోనే లేదు. ఊరట కలగాలి కదా. కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. ఎందుకో తెలియలేదు.

"రొట్టె ఎందుకు మానేశావు పెద్దమ్మా? ఎవరికన్నా చెప్పొచ్చుగా?"

ఆమె చేతులు మళ్ళీ మజ్జిగలో పెట్టింది. "జనవరిలో చేశానుగా. కుంకుడుకాయతో తోమా, నిమ్మచెక్క రుద్దా, పెరుగు రాశా. అయినా పిండికి ఎక్కింది. అయ్యగారి అమ్మ, ఎనభయ్యేళ్ళ ముసలామె, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గుర్తులేదా? అప్పుడు నువ్వే గదరా అన్నావు, యూదులు పస్కా పండగ రొట్టె చేదుకూరలతో తిన్నారంట, మనం మిరపకాయతో తింటున్నాం అని. అందరూ నవ్వారు."

"నేనా?"

"నువ్వే. మైకు దగ్గర కూర్చుని."

జనవరి బల్ల నాకు గుర్తుంది. నాలిక చురుక్కుమనడం గుర్తుంది. ఆ ముసలమ్మ దగ్గు గుర్తుంది, నవ్వులూ గుర్తున్నాయి. ఆ మాట కూడా గుర్తుంది. దాన్ని ఎవరో అన్నట్టు గుర్తుంది. ఆ గొంతు నాదని మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు.

"నేనూ నవ్వాన్లే" అంది పెద్దమ్మ. "బానే అన్నావు. నవ్వి, ఇంటికొచ్చి, పెనం తుడిచి అటకెక్కించేశా."

తరవాత ఆమె గొంతు మారింది. "అదంతా సరే. ఆ ఇద్దరు పెద్దమనుషులు వచ్చారే, కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. గ్లాసులు అట్టానే పెట్టి లేచిపోయారు. అది మాత్రం తగిలిందిరా."

"వాళ్ళలో పెద్దాయనకు షుగరు పెద్దమ్మా."

"ఇద్దరికీనా?"

రెండో ఆయనకు షుగరు ఉందో లేదో నాకు తెలియదు. ఆమె చేతులతో కలిపిన కాఫీ అని భయపడ్డారా, ఏడో అంశం అని భయపడ్డారా, నిజంగా కాఫీ అలవాటు లేదా? పెద్దమ్మ వాళ్ళను అనుమానిస్తోందని నాకు అనిపించింది. అనిపించగానే, ఇప్పుడు నేను పెద్దమ్మను అనుమానిస్తున్నానా అని కూడా అనిపించింది. దీనికి అడుగు ఎక్కడుంటుందో తెలియలేదు.

లేచేటప్పుడు "ఏడో అంశం వెనక్కి తీసుకుంటాను" అన్నాను.

"ఎట్టా తీసుకుంటావు? వాట్సాపులో డిలీటు కొడతావా?"

అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. అంతా విని ఆయన చాలాసేపు గడ్డం రుద్దుకున్నారు. "నువ్వు పేరు చెప్పలేదు కదయ్యా. ఇప్పుడు క్షమాపణ చెబితే పేరు చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే మాట అలాగే ఉండిపోతుంది" అన్నారు. ఇంకా కొంతసేపయ్యాక, "ఆ రోజు నేనూ ఆ అంశం మీద ప్రార్థించాను. ఎవరి గురించి అని నిన్ను అడగలేదు. నాకూ తెలుసనుకున్నాను" అన్నారు.

రాబోయే నెల మొదటి ఆదివారం ఆమె బల్లకు ఎలా రావాలి అన్నదానికి నేను మళ్ళీ ఒక జాబితా రాశాను. నాకు వేరే పద్ధతి రాదు. ఒకటి, చేతులకు రబ్బరు తొడుగులు. రెండు, ఆమె ముక్క విడిగా చిన్న పళ్ళెంలో. మూడు, అయ్యగారే ముక్క చేతికివ్వడం. అది పట్టుకుని మర్నాడు మళ్ళీ ఆమె వసారాకి వెళ్ళాను. రెండోది చదివేసరికి ఆపమంది.

"వేరే పళ్ళెమా? వేరే గ్లాసులు, వేరే పళ్ళేలు మా అత్త చూసింది. హోటలు బయట చూరులో పెట్టిన గ్లాసు తనే తీసుకుని తనే కడిగి పెట్టేదంట. ఆ బల్ల దగ్గర అందరికీ ఒకటే పళ్ళెం అని తెలిసి సంఘంలో చేరింది ముసల్ది. అక్కడ నాకు వేరే పళ్ళెం పెడతారా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నా పేరు పెట్టే చెప్పు" అంది, నేను గుమ్మం దిగుతుంటే. "కారం సంగతీ చెప్పు. నవ్వితే నవ్వనీ. కానీ ఆ మిరపకాయ మాట నువ్వన్నదని కూడా చెప్పాలి."

ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. గుర్తులేని తప్పును ఎలా ఒప్పుకోవాలి? ఇంటికొచ్చి అమ్మనడిగాను. "నువ్వన్నావో, ఆ కీబోర్డు వాయించేవాడన్నాడో, మైకులో మాత్రం వచ్చింది" అంది. కీబోర్డు అబ్బాయినడిగితే "అన్నా, నువ్వేమో అనుకున్నా" అన్నాడు. "నేను అన్నానట" అని చెబితే నిజానికి దగ్గరగా ఉంటుంది. కానీ ఆ "ట" పెద్దమ్మ మాటను అనుమానిస్తున్నట్టు ఉంటుంది. ముందు సెన్సర్ని అనుమానించమని నేర్పిన మాట ఆ రోజు గుర్తొచ్చింది. ఇక్కడ సెన్సరు నా జ్ఞాపకమే కదా.

బుధవారం ఆ వారం అంశాలు చదవకముందే లేచి నిలబడి చెప్పాను. ఏడో అంశం రాసింది ఫలానా పెద్దమ్మ గురించి అని, ఆమెను ఒక్క మాట అడక్కుండా రాశానని, కారణం ఆమె చేతుల కారం తప్ప ఇంకేమీ లేదని, జనవరిలో ఆ మిరపకాయ మాట అన్నది నేనే అని. "అన్నాను" అనే చెప్పాను. చెబుతున్నప్పుడు అది నిజమో కాదో నాకు తెలియదు. చెప్పాక మాత్రం నిజంలాగే ఉంది.

అప్పుడు ముందు వరసలో ఒక ముసలమ్మ రెండు చేతులూ పైకెత్తింది.

"స్తోత్రం! అయితే మన ప్రార్థన ఫలించినట్టేగా!"

అందరూ స్తోత్రం అన్నారు. నేను కూర్చున్నాను. ఒప్పుకున్నానా, గెలిచానా?

టీలు ఇచ్చేటప్పుడు ఆ రెండో పెద్దాయన నా పక్కకొచ్చాడు. కాఫీ సంగతి ఆయనను అడగాలా వద్దా అని నేను ఇంకా తేల్చుకోలేదు. ఇంకో జాబితా మొదలవుతుందేమోనని భయపడి అడిగేశాను.

"అన్నా, ఆ రోజు పెద్దమ్మ ఇచ్చిన కాఫీ ఎందుకు తాగలేదు?"

ఆయన కొంచెం తడబడ్డాడు. "పెద్దాయన ముట్టుకోలేదు కదా, నేనొక్కణ్ణే ఎట్టా తాగేది అని" అన్నాడు. "ఏం, అనుకుందా?"

"అనుకుంది."

"అయ్యో" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కాఫీ అడిగి మరీ తాగి వచ్చాడని అమ్మ చెప్పింది. పెద్దమ్మ ఏమందని అడిగితే, ఏమీ అనలేదట, ఇంకో అరగ్లాసు పోసిందట.

అయినా ఆమె బల్లకు వస్తానని ఎవరికీ మాటివ్వలేదు.

మే మొదటి ఆదివారం రొట్టె పాస్టరమ్మగారే కాల్చారు. పాటలైపోయాయి, వాక్యం అయిపోయింది. బల్ల సమయంలో మా దగ్గర మైకు ఆపేస్తాం. మైకు ఆపి, వెనక్కి తిరిగి చూస్తే పెద్దమ్మ ఉంది. ఎప్పుడొచ్చిందో. ఆడవాళ్ళ చివరి వరసలో, మధ్యదారికి ఆనుకుని, పళ్ళెం ఆడవాళ్ళందరి చేతులూ అయ్యాక తన దగ్గరికి వచ్చేచోట కూర్చుంది. ఆడవాళ్ళలో ఆమె తరవాత తుంచేవాళ్ళు ఎవరూ లేరు. దారి దాటితే మగవాళ్ళ చివరి వరసలో మొదటి చోటు. అక్కడ ఎవరు కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. నేను సెట్టు దగ్గరనుంచి లేచి వెళ్ళి అక్కడ కూర్చున్నాను. నా పక్కన, మర్నాడు వెళ్ళి కాఫీ తాగొచ్చిన ఆ రెండో పెద్దాయన.

అయ్యగారు ఎవరైనా వెళ్ళదలిస్తే వెళ్ళమన్నట్టు ఎప్పటిలాగే ఒక క్షణం ఆగారు. నేను ఆమెవైపు చూడకుండా ఉండటానికి చాప అల్లిక లెక్కపెట్టాను. ఎవరూ లేవలేదు.

పళ్ళెం వచ్చింది. ఆమె రెండు గోళ్ళ కొసలతో, పువ్వు తుంచినట్టు, చిన్న ముక్క తుంచుకుంది. తరవాత కొంగుతో పళ్ళెం అంచు పట్టుకుని దారి మీదుగా నా వైపు చాపింది. నేను ఆమె తుంచిన చోటి పక్కనుంచే తుంచుకున్నాను. నోట్లో వేసుకున్నాను.

మండిందా లేదా అని తరవాత చాలామంది అడిగారు. నాకు నిజంగా తెలియదు. మండుతుందని ఎదురుచూస్తూ వేసుకున్న ముక్క అది. నాలిక చురుక్కుమన్నట్టే ఉంది, కానీ అది రొట్టెదో, నా ఎదురుచూపుదో చెప్పలేను. ఇక్కడ సరిచూసుకోవడానికి రెండో సెన్సరు లేదు. అవతలనుంచి పెద్దమ్మ కనుబొమలు ఎగరేసి అడిగింది. నేను లేదన్నట్టు తలూపాను. అది అబద్ధమేమో. అప్పుడే నా పక్కనున్న పెద్దాయన ముక్క నోట్లో వేసుకుని ఒకసారి దగ్గాడు.

పెద్దమ్మ తల వంచుకుంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలి, మింగి, పళ్ళెం ముందు వరసకి అందించాడు. ముందువాళ్ళెవరూ దగ్గలేదు. పెద్దమ్మ తల ఎత్తే దాకా చూశాను. ఎత్తింది.

బయట చెప్పులు వేసుకునే చోట మా అక్క కూతురు మళ్ళీ ఆమెకు చేతులు చాపింది. పెద్దమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, నడుం వంచి, తన చెంప పిల్ల చెంపకు ఆనించి కాసేపు అలాగే ఉంది. పిల్ల ఆమె చెవి కమ్మ పట్టుకుని వదల్లేదు.

"వదలమనరా దీన్ని, నేను చేత్తో తియ్యలేను" అంది వంగే ఉండి.

నాలుగో అంశం ఆ రోజు కూడా నిజమే. ఆమె పిల్లని ఎత్తుకోలేదు.